చివరి పేజీ మనిషి

ఏ ఫైలు చేతికొచ్చినా ఫైనాన్స్ డైరెక్టరుగారు ముందు చివరి పేజీ తిప్పుతారు. కొంప మునగలేదని అక్కడ తేలాకే మొదటి పేజీకి వస్తారు. గుమాస్తాగా చేరి ఈ గాజు గదిదాకా వచ్చిన పాతికేళ్లలో ఆయన్ని కాపాడింది ఆ అలవాటే. "సినిమాకెళ్లినా ఆఖరికి ఏమవుతుందో కనుక్కుంటే గానీ కుర్చీలో కూర్చోరు ఈ మహానుభావుడు," అంటుంది భార్య.

పిల్లలకు చదవడం నేర్పే ఒక సంస్థకు ఆయనే అధ్యక్షుడు. శనివారాలు అక్కడ స్వయంగా కథ చదివి వినిపిస్తారు, చివరి పేజీ ముందే చూసుకుని. ఆ వారం మాత్రం ఆలస్యమై, చూడకుండానే మొదలుపెట్టారు. వరద నీళ్లలో పడవ, పడవలో ఒంటరి కుక్కపిల్ల. తీరా పేజీ తిప్పితే అట్ట మాత్రమే మిగిలింది. ఆఖరి కాగితం ఎప్పుడో చిరిగిపోయింది. ఆయన పుస్తకం దులిపి చూశారు, వంగి బల్ల కింద వెతికారు.

"అది ఎప్పట్నుంచో లేదు సార్," అంది ముందు వరుసలో కూర్చున్న పాప. "తర్వాత ఏమైందో మేమే తలా ఒకటి చెప్పుకుంటాం. ఇవాళ మీ వంతు."

ఆయన గొంతు సవరించుకున్నారు. మళ్లీ సవరించుకున్నారు. కుక్కపిల్ల ఇంకా నీళ్ల మధ్యే ఉంది.