త్రాసు గాడిలో కుంకుమ

మా పక్కింటి అంకుల్ పోయారు. సోమవారం పొద్దున ఆయన కూతురు ఆసుపత్రి నుంచి మా ఆయనకు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను అంకుల్‌కి పంపడానికే పల్చగా చారు కాస్తున్నాను. స్టవ్ కట్టేసి, గిన్నె మీద మూత పెట్టి, ఏం చేయాలో తెలియక ఆ మూతనే చూస్తూ నిలబడ్డాను.

నేను ఏడో తరగతి వరకే చదివాను. పెళ్ళయి న్యూజిలాండ్‌లోని ఈ పామర్‌స్టన్ నార్త్ వచ్చి మూడేళ్ళయినా డ్రైవింగ్ రాదు, నలుగురిలో నోరు పెగలదు. ఈ ఊళ్ళో నేను భయం లేకుండా మాట్లాడింది అంకుల్ ఒక్కరితోనే. ఆయనది వరంగల్ వైపు. ఇక్కడ లేత్ మెషీన్ మీద నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆంటీ పోయాక ఆయనకు మిగిలినవి జింకల వేట, పెరట్లో షెడ్డు. రైఫిల్‌కి తూటాలు ఆయనే కట్టుకునేవారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు శుభ్రం చేసి, మందు తూచి పోసి, పైన గుండు బిగించేవారు.

అంకుల్ షెడ్డులో మందు కొలుస్తూ కూర్చుంటారని మొదట్లో చెబితే, పొద్దున్నే మొదలెడతారా పాపం అన్నారు మా ఆయన. అది తుపాకి మందని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆ సంగతి విని అంకుల్ నవ్వి, "రెండిట్ల ఏది ఎక్కువైనా ప్రమాదమే బిడ్డా" అన్నారు. మందు నన్నెప్పుడూ ముట్టుకోనివ్వలేదు. నా పని ఇత్తడి తుడవడం. చింతపండుతో తోమనా అని అడిగితే, ఇవి మీ అమ్మగారి చెంబులు కావన్నారు.

పోయిన దసరా రోజు ఆయన ఊళ్ళో లేరు. షెడ్డు తాళం నా దగ్గరుంది. మా కారుకి పూజ చేశాక, అంకుల్ పనిముట్లకు ఎవరు చేస్తారనిపించింది. రైఫిల్ ఇనుప బీరువాలో ఉంది కాబట్టి, బల్ల మీదున్న వాటికే బొట్లు పెట్టాను. అక్కడ మందు తూచే పాత త్రాసు ఉండేది. దాని కడ్డీ ఒక సన్నటి గాడిలో ఆని ఊగుతుంది. అదే దానికి ప్రాణమనుకుని అక్కడా ఒక బొట్టు పెట్టాను. నీళ్ళు ఎక్కువై కుంకుమ కారితే చున్నీ కొసతో తుడిచాను. అంకుల్ వచ్చి పైకి కనిపించే బొట్లు చూసి ముచ్చటపడి, త్రాసు పళ్ళెం మీదిది మాత్రం తుడిచేసుకున్నారు. గాడిలోది నేను చెప్పలేదు. చెప్పాలని కూడా తోచలేదు.

ఆ తర్వాత రైఫిల్ గురి తప్పడం మొదలైంది. ఒక వారం తూటాలు బాగానే పడేవి, మరో వారం చెదిరిపోయేవి. అంకుల్ విసుక్కోలేదు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె, రెండు మారిస్తే ఏది తప్పో తెల్వదు అనేవారు. ఒక వారం రైఫిల్ మీది దుర్బీను మరలు బిగించారు. మరో వారం తుపాకి గొట్టం కడిగారు. ఇంకో వారం ఒకే రకం ఇత్తడి ఏరి పక్కన పెట్టించారు. కొన్న తూటాలు కాల్చి చూడొచ్చుగా అని మా ఆయన అంటే, ఇంట్ల పప్పు మాడితే హోటల్ల తినుమంటవా అని కొట్టిపారేశారు.

ఒక ఆదివారం మమ్మల్నీ తుపాకి కాల్చి చూసుకునే రేంజికి తీసుకెళ్ళారు. ఐదు తూటాలు కాల్చి, గురి కాగితం తెచ్చి నాకు చూపించారు. చిల్లులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి.

"చూడు, నిలువు నామం. తుపాకి నాకే నామం పెడుతున్నది."

తర్వాత నవ్వలేదు. గాలికైతే పక్కలకు పోతాయని, మందు ఎక్కువ తక్కువైతే ఇలా పైకీ కిందికీ పడతాయని, కానీ త్రాసు సరిగ్గానే చూపిస్తోందని చెప్పారు. కుడిచేయి చాపి చూసుకున్నారు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

"అయితే తప్పు దీనిదే. దెబ్బ తిన్న జింక పొదల్లకు పోయి చస్తే ఆ పాపం నాది."

శనివారం వేట క్లబ్బులో తెలిసినాయన వస్తాడని, రైఫిల్ ఇచ్చేసి షెడ్డు మూసేస్తానని దారిలో మా ఆయనతో చెప్పారు. వెనక సీట్లో కూర్చున్న నాకు నామం అన్న మాట దగ్గరే మనసు ఆగిపోయింది. నేను పెట్టిన బొట్టు గుర్తొచ్చింది.

ఆ మర్నాడు, సోమవారం, కూర తీసుకెళ్ళాను, చెప్పలేదు. మంగళవారం, బుధవారం కూడా అంతే. చెబితే ఆ తలుపు నాకు మూసుకుంటుందని భయం. చెప్పకపోతే ఆయనకే మూసుకుంటుంది. శుక్రవారం గడప దగ్గరే నిలబడి, గిన్నె కూడా దించకుండా అనేశాను.

"అంకుల్, గాడిలో కూడా బొట్టు పెట్టాను."

ఆయన త్రాసు ముందు కూర్చుని ఒకే చిన్న తూకం రాయిని మూడుసార్లు పెట్టి చూశారు. మూడుసార్లూ మూడు రకాలుగా చూపించింది. సూదికి తెల్ల గుడ్డ చుట్టి గాడిలో తిప్పారు. గుడ్డ ఎర్రగా వచ్చింది. మళ్ళీ మూడుసార్లు పెట్టారు. ఈసారి ముల్లు మూడుసార్లూ ఒకే చోట నిలిచింది.

"త్రాసును నమ్మిన, చేతిని అనుమానించిన," అన్నారు. "త్రాసును కూడ అప్పుడప్పుడు తూచాలె బిడ్డా. తప్పు నీది కాదు."

కట్టిన తూటాలన్నీ ఆ సాయంత్రమే విప్పేశారు. మర్నాడు రైఫిల్ తీసుకోవడానికొచ్చిన ఆయన్ని కూర్చోబెట్టి టీ ఇచ్చి, కొత్తగా నాలుగు కట్టి, ఇద్దరూ కలిసి రేంజికే వెళ్ళారు. తిరిగొచ్చి గోడ మీంచి నాకు కాగితం అందించారు. నాలుగు చిల్లులూ నా బొటనవేలి కింద దాగిపోయాయి.

ఆ తర్వాత బల్ల మీద, త్రాసుకు మూరెడు దూరంలో, పెన్సిల్‌తో ఒక గుండ్రం గీసి పెట్టారు. వచ్చే దసరాకు నీ బొట్టు ఇగో ఈడ పెట్టు, దీన్ని దాటి రావద్దు అన్నారు.

నిన్న కూతురు షెడ్డు ఖాళీ చేస్తుంటే సాయానికి వెళ్ళాను. రైఫిల్, త్రాసు క్లబ్బాయన తీసుకెళ్ళాడు. బల్ల గోడకి బిగించి ఉంది కాబట్టి అక్కడే ఉంది. దసరాకు ఇంకా నెల ఉంది. గుండ్రంలో కాస్త దుమ్ము పడితే, పెన్సిల్ గీత చెరగకుండా చిటికెన వేలితో తుడిచి వచ్చాను.