నోరు లేని పట్టుచిలుక

నిజాం సర్కారు పోయిన కొత్తలో, ఒక మధ్యాహ్నం పెద్దపల్లి స్టేషన్‌లో రైలు కోసం కూర్చున్నాను. పక్కనే చెన్నూరు అడవుల నుంచి వచ్చిన భార్యాభర్తలు, వాళ్లు అమ్మడానికి తెచ్చిన పట్టుకాయల గంప. పట్టుకాయలంటే అడవి పట్టుపురుగులు తమ చుట్టూ అల్లుకునే గూళ్లు. ఒక కాయలోంచి పసుపు రెక్కల పురుగు బయటికొచ్చి గంప అంచున కూర్చుంది.

"సీతాకోకచిలుకలా ఉందే," అన్నాను.

"గాదు సారు," అన్నాడాయన. "సీతాకోక రెక్కలు మూసి కూసుంటది, పువ్వు మీద వాలి తేనె తాగుతది. గీ పట్టుచిలుక రెక్కలు పరిచే ఉంటది. దీనికి నోరే లేదు. గుడ్లు పెట్టి, ఏం తినకుండనే సచ్చిపోతది."

ఆయన భార్య చేతిలో ఒలవని అరటిపండు ఉంది. "జర తినరాదే," అని ఆయన బతిమాలాడు. ఆమె వినిపించుకోలేదు. ఆయన నావైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అడవిల పురుగులను కాసినన్ని దినాలు ఇంటికి పోవద్దు సారు. మైల తాకితె పురుగులు సస్తయంటరు. మా బిడ్డ సచ్చిపోయిందని కబురొచ్చినా నేను పోలే. గప్పటిసంది నా పెండ్లాం సరిగ తింటలేదు."

నా చూపు గంప మీదికి పోయింది.

"కాయ మాత్రం మస్తుగ అయింది," అన్నాడు, గంప వైపు చూడకుండా.

ఇంతలో ఆమె అరటిపండు ఒలిచింది. చిన్న ముక్క తుంచి, వేళ్లతో మెత్తగా మెదిపి, ఆ పురుగు ముందు పెట్టింది. అది కదల్లేదు. ఆమె ఆ ముక్కను ఇంకొంచెం దగ్గరికి జరిపింది.