సార్ నాతో ఎక్కించిన లినక్స్

మొన్న మంగళవారం పొద్దున తొర్రూరు నుంచి ఫోను వచ్చింది, సార్ పోయారని. ఏడాదిన్నరగా డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు వరంగల్ దవాఖానకు తిరిగిన మనిషి. వినగానే ఏడుపు రాలేదు. గడప మీద కూర్చుండిపోయాను.

ఆయన బడిపంతులుగా రిటైరై, ఇంట్లో పాత కంప్యూటర్లు బాగుచేసేవారు. నేను నెల్లికుదురులో మండలాఫీసు ఎదురుగా అర్జీలు టైపు చేసి బతుకుతాను. పోయిన ఎండాకాలం నా పాత లాప్‌టాప్ మోసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. అది తెరుచుకోవడానికే పావుగంట పట్టేది.

"దీన్ల ఏమేం పని చేస్తవు బిడ్డా?"

"తెలుగుల టైపు చేస్త, ప్రింట్ తీస్త. గంతే సార్."

"గంతేనా? దానికింత పరేషాన్ ఎందుకు? ఈ విండోస్ తీసేసి లినక్స్ ఎక్కిద్దాం, ఉత్తగనే దొరుకుతది."

లినక్స్‌లోనూ చాలా రకాలున్నాయట. ఏది మంచిదంటే ఆయన చెప్పలేదు. "ఎక్కియ్యకముందే వాడి చూడు. నీ చెయ్యికి ఏది అలవాటైతే గదే మంచిది" అని పెన్‌డ్రైవ్ నుంచే ఒక్కోటి నడిపించారు. మొదటిది చూడ్డానికి బాగుంది గాని నా ప్రింటర్‌ను గుర్తుపట్టలేదు. రెండోది ఆగి ఆగి నడిచింది. మూడోది మింట్. అందులో తెలుగు అక్షరాలు నాకు అలవాటైన కీల మీదే పడ్డాయి. ఆ రోజు నాకు గ్లాసు నిండా చాయ్ ఇప్పించి, తనకు ఫ్లాస్కు మూతలో రెండు గుక్కలే పోసుకున్నారు. నీళ్లు తగ్గించమన్నారట డాక్టర్లు.

ఎక్కించే రోజు కీబోర్డు నా ముందుకు తోసి, "నువ్వే నొక్కు" అన్నారు. డిస్కు మొత్తం తుడిచెయ్యాలా అని తెర అడిగింది. నొక్కబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఫొటోలు కాపీ చేసుకున్నవా?"

"చేసిన సార్."

"తెరిచి చూసినవా?"

చూడలేదు. ఆ కాపీని ఆయన కంప్యూటర్‌లో తెరిస్తే సగం ఫొటోలు బూడిదరంగు చారలుగా వచ్చాయి. చనిపోయిన నా భర్తవి, పత్తిచేనులో నేను తీసినవి, తుడిచెయ్యబోయిన ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు. సార్ తిట్టలేదు. ఎక్కించడం ఆపేసి, వేరే డిస్కులోకి మొదటి నుంచి కాపీ చేయించి, ఒక్కొక్కటీ తెరిపించారు. పొద్దునే డయాలసిస్ చేయించుకొచ్చిన మనిషి, మెడ వాలిపోతున్నా కుర్చీలోంచి లేవలేదు.

"జర పండుకోండి సార్."

"నువ్వు చూడు. నేను కండ్లు మూసుకొని ఇంటున్న."

మా ఆయన ఫొటో తెరుచుకున్నప్పుడల్లా "వచ్చింది సార్" అనేదాన్ని. "ఊఁ" అనేవారు. మధ్యాహ్నమంతా అలాగే గడిచింది.

రెండు రోజుల తర్వాత వెళ్లి లినక్స్ నేనే ఎక్కించాను. అరగంట కూడా పట్టలేదు. అప్పటి నుంచి ఆ లాప్‌టాప్ మీదే నా ఇల్లు నడుస్తోంది. ఆ మాట ఆయనతో ఒకసారి అనబోతే చిరాకుపడి, "అప్‌డేట్లు చేస్తున్నవా లేదా, గది చెప్పు" అన్నారు.

పోయిన నెల ఏదో పనిమీద మండలాఫీసుకు వచ్చి, నా బల్ల దగ్గర ఆగారు. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. కుర్చీ వేస్తే వద్దన్నారు.

"కూసుంటే లేవలేను బిడ్డా. గిరాకి నిలబడ్డది, చూసుకో."

ఎదురుగా ఉన్న అవ్వ పింఛను అర్జీ టైపు చేసి తలెత్తేసరికి, ఆయన రోడ్డుకు అవతల బస్‌స్టాప్ స్తంభానికి ఆనుకుని ఉన్నారు. ఒక చేతిలో చెప్పులు. రెండో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని, తొర్రూరు బస్సు కోసం ఎండలోకి చూస్తున్నారు.