నూకరాజు చెవి

రాయపూర్ రైల్వే క్వార్టర్లలో నూకరాజు కంటే తెలివైనవాళ్ళు ఉండేవారు. అందగాళ్ళు ఉండేవారు. పైవాళ్ళ దగ్గర మంచి పేరు కొట్టేసినవాళ్ళూ ఉండేవారు. కానీ మోటారు చప్పుడు చెవిన పడితే, తల తిప్పకుండా, అది ఏ కారో చెప్పగలిగినవాడు అతనొక్కడే.

సాయంత్రం డ్యూటీ దిగి అరుగు మీద కూచుంటే నలుగురూ చుట్టూ చేరేవారు. స్టేషను రోడ్డు మీద ఎక్కడో ఓ మోటారు గుర్రుమనేది.

“నూకా, సూడకుండా సెప్పు!”

నూకరాజు కళ్ళు మూసుకునేవాడు. “ఫోర్డు. సివిల్ లైన్స్ వకీలుగారిది. పక్కన లావుపాటి మనిషొకడు కూకున్నాడు.”

ఆ లావుపాటి మనిషి సంగతి ఊరికే అనేవాడు. అయినా చాలాసార్లు నిజమయ్యేది. వకీలుగారి బావమరిదికి వేరే పని లేదు, ఎప్పుడూ ఆ కారులోనే ఉండేవాడు.

యుద్ధం రోజులవి. ఊళ్ళో ఉన్నవే తక్కువ కార్లు, పెట్రోలు దొరక్క వాటిలో సగం షెడ్లలో మూలిగేవి. కాబట్టి ఇదేమంత విద్య కాదని ఎవరైనా అనొచ్చు. కానీ నూకరాజు దాన్ని విద్య అనుకోలేదు. కారు పోతుంటే వినడం అతనికి సుఖం, అంతే. ముఖ్యంగా కంట్రాక్టరుగారి షెవర్లే. అది వస్తుంటే పొయ్యి మీద బెల్లం పాకం కుతకుతమన్నట్టు ఉంటుందనేవాడు. అది మలుపు తిరిగి చప్పుడు ఆగిపోయేదాకా ఎవరు పలకరించినా పలికేవాడు కాదు.

ఉద్యోగం చూస్తే నంబర్ టేకరు. గూడ్సు బండి యార్డులో ఆగగానే ఈ చివర నుంచి ఆ చివరకు నడుస్తూ ఒక్కో వ్యాగను నంబరూ రాసుకోవాలి. ఎండలో నడిచి రాసుకోవాలి, వానలో నడిచి రాసుకోవాలి. ఆ ఉద్యోగం గురించి అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. తండ్రి బంగారయ్య ఇంజను డ్రైవరు. కొడుకును ఇంజను మీదికి ఎక్కనివ్వకుండా పట్టుబట్టి ఈ పనిలో వేయించాడు. ఎందుకో చెప్పలేదు. బంగారయ్య ఏదీ చెప్పే మనిషి కాదు.

ఒకరికి ఒకటంటే ఇష్టమని తెలిస్తే చాలు, దాన్నే బతుకుతెరువు చేసుకోమని చెప్పడం లోకానికి సరదా. గొంతు బాగుంటే నాటకాల్లో చేరమంటారు. చారు బాగా పెడితే హోటలు తెరవమంటారు. నూకరాజుకూ అదే పట్టుకుంది. “ఈ నంబర్లు రాసుకోడం ఏటి? మెకానిక్కు పన్లో సేరు, గొప్పోడివైపోతావు” అని క్వార్టర్లంతా అన్నారు. అన్నవాళ్ళలో ఒక్కడూ పానా పట్టి ఎరగడు.

తేలీబంధా చెరువు గట్టున పరదేశి మేస్త్రి మోటారు షెడ్డు ఉండేది. పార్వతీపురం వైపు మనిషి. రైలు మార్గం పడ్డాక పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆయన దగ్గర పనిచేసేవాడు మిలటరీ మోటార్ల పనికి వెళ్ళిపోయాడు. ఆ చోటు ఖాళీ అయింది.

“వొస్తే పూర్తిగా రా, బావూ. రైలు నౌకరీ వొదిలేసి రా. సగం మనిషి నాకొద్దు” అన్నాడు మేస్త్రి.

అదే చిక్కు. బంగారయ్య వచ్చే ఏడు రిటైరవుతాడు. కొడుకు రైల్వేలో ఉంటే క్వార్టరు కొడుకు పేరున దక్కుతుందని ఇంట్లో ఆశ. వదిలేస్తే సామాను రోడ్డు మీద పెట్టుకోవాలి. మళ్ళీ కావాలంటే ఉద్యోగం ఎవడూ ఇవ్వడు. నూకరాజు ఎటూ తేల్చుకోలేక ఒక ఎత్తు వేశాడు. ఊరికెళ్తానని సెలవు పెట్టాడు, విజయనగరానికి రైలు పాసు కూడా తీసుకున్నాడు. ఆ సెలవులో షెడ్డుకి వెళ్ళి పని చేసి చూసి, అది అయ్యేలోగా మేస్త్రికి మాట చెబుదామనుకున్నాడు.

ఇది తెలిసి తల్లి సూరమ్మ ఇల్లు పీకి పందిరేసింది.

“పాసు సేతిలో ఎట్టుకొని షెడ్డుకెల్తావేట్రా! దాని తేదీ అయిపోతే నీ మేస్త్రి ఇస్తాడా కొత్త పాసు? మా అప్ప ఎండుసేపలు దాసిపెట్టి నా కోసం ఎదురుసూస్తన్నాది!”

“నువ్వెల్లమ్మా.”

“ఒక్కదాన్నీ ఎలా ఎల్తాన్రా? ఆ బొగ్గు మొహాల బస్సుల కింద దూరడానికా నిన్ను కన్నాను? ఏమయ్యా, నువ్వు సెప్పవేం?”

బంగారయ్య చుట్ట వెలిగించుకుంటూ, “ఎల్లి సూడనీ” అన్నాడు.

నూకరాజు వెళ్ళాడు. మొదట్లో అతని సంతోషం పట్టశక్యం కాలేదు. పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. బస్సు వెనక నిలువెత్తు పీపా ఒకటి బిగించి, అందులో బొగ్గు రాజేసి, ఆ పొగతో ఇంజను తిప్పేవారు. ఆ పీపాల మసి దులపడం అతని పని. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా ఇంటికొచ్చేవాడు. క్వార్టర్లలో కుక్కలు కూడా గుర్తుపట్టక మొరిగేవి. అయినా పాట పాడుకుంటూ వచ్చేవాడు. ఇన్నాళ్ళూ దూరం నుంచి విన్నవాటిని చేత్తో ముట్టుకుంటున్నాడు, అది చాలు.

తర్వాత మేస్త్రి బానెట్టు ఎత్తించాడు. “విను. ఏటి వినిపిస్తన్నాదో సెప్పు.”

“బాగున్నాది, మేస్త్రీ. మంచి హుషారుగా...”

“ఒరే, బాగున్నదాన్ని ఎవడన్నా ఇక్కడికి తెస్తాడ్రా? బాగోనిది సెప్పు.”

నూకరాజు మళ్ళీ విన్నాడు. పొద్దస్తమానం అదే పాఠం. వాల్వు కొట్టుకుంటే ఇలా ఉంటుంది. బేరింగు అరిగితే అలా ఉంటుంది. ఒక సిలిండరు చచ్చిపోతే కుంటివాడి నడకలా ఉంటుంది. చెవి ముందే పదునైనది కాబట్టి అతనికి చప్పున పట్టుబడింది. మేస్త్రి స్టార్టు చెయ్యగానే రోగం పేరు చెప్పేసేవాడు. చెప్పింది తప్పేది కాదు.

ఇంకేం, తేలిపోయినట్టే అనుకున్నాడు. సెలవు అయిపోవస్తోంది. క్వార్టరు సంగతి తల్లికి ఎలా చెప్పాలా అన్న దిగులు తప్ప ఇంకేమీ లేదనుకున్నాడు.

ఆ సమయంలో క్వార్టర్లలో పెళ్ళి వచ్చింది. గార్డు రామయ్యగారి అమ్మాయి గంగాభవాని పెళ్ళి. వరుడు బిలాస్‌పూర్ నుంచి రైల్లో దిగుతాడు. స్టేషను నుంచి పందిట్లోకి నడిపించుకు రాకుండా, రామయ్యగారు ఎవరి కాళ్ళో పట్టుకొని మోటారు కారు ఏర్పాటు చేశారు. క్వార్టర్లలోకి పెళ్ళికారు రావడం అదే మొదలు. పొద్దున్నుంచీ ఆడవాళ్ళు వంటలు వదిలేసి రోడ్డు మీదే ఉన్నారు.

పందిరి కింద నూకరాజును కుర్చీలో కూచోబెట్టి, రోడ్డుకు వీపు తిప్పించారు. ఏ కారు వస్తుందో రామయ్యగారు ఎవరికీ చెప్పలేదు. దూరం నుంచి చప్పుడు వినబడింది.

“ఉండండి, ఉండండి! నూకడు సెప్తాడు!”

“కళ్ళు మూసుకోరా! దొంగసూపు సూసేవు!”

నూకరాజు కళ్ళు మూసుకున్నాడు.

“ఒక సిలిండరు సచ్చిపోయినాది” అన్నాడు.

“ఏటీ?”

“ఒక సిలిండరు అందుకోటం నేదు. ప్లగ్గు కాలిపోయుంటాది. ఫ్యాను బెల్టు కూడా జారతన్నాది...”

“ఒరే, రోగాలు కాదురా మేం అడిగింది! ఏ కారో సెప్పు!”

నూకరాజు నోరు తెరిచాడు. మళ్ళీ విన్నాడు. చచ్చిన సిలిండరు వినబడింది. జారే బెల్టు వినబడింది. మడ్‌గార్డు కింద వదులైన బోల్టు ఒకటి గలగలమనడం కూడా వినబడింది. కారు మాత్రం వినబడలేదు.

వెనక్కి తిరిగి చూశాడు. బంతిపూల దండలు వేసుకొని కంట్రాక్టరుగారి షెవర్లే వచ్చి పందిరి ముందు ఆగింది.

జనం గొల్లుమన్నారు. “నూకడికి బొగ్గుపొగ సెవుల్లోకెల్లిపోయినాది!” అని ఎవరో అన్నారు. నూకరాజు కూడా నవ్వాడు. నిద్రలో వినిపించినా పేరు చెప్పే కారు అది. దాన్ని గుర్తుపట్టలేకపోయాడు. పెళ్ళికొడుకు దిగుతున్నాడు, బాజాలు మోగుతున్నాయి, తను మాత్రం ఆ ప్లగ్గు ఎప్పుడు మారుస్తారా అని చూస్తున్నాడు.

భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే చోట తండ్రి ఎదురుపడ్డాడు. బంగారయ్య భుజం మీద తువ్వాలుతో తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

“ఏరా, ఇనపడనేదా?”

“అన్నీ ఇనపడ్డాయయ్యా. అదొక్కటే ఇనపడనేదు.”

బంగారయ్య తలాడించాడు. అంతటితో వెళ్ళిపోతాడనుకున్నాడు నూకరాజు. కానీ ఆయన పందిరి గుంజకు ఆనుకొని నిలబడ్డాడు.

“సిన్నప్పుడు ఇంజను సూడ్డానికి మా ఊరి నుంచి స్టేషనుకి నడిచెల్లీవోణ్ణి. మా అయ్య కొట్టీవోడు. అయినా ఎల్లీవోణ్ణి. అది కూతేస్తే నా ఒళ్ళు ఝల్లుమనీది. ఇప్పుడు మీ అమ్మతో పాసు మీద ఊరెల్తాను కదా? అది సుబ్బరంగా నిద్దరోతాది. నేను కూకొని ఏడస్తాను. ఆవిరి ఎక్కడ కారిపోతన్నాదో, ఫైరుమేను బొగ్గు ఎలా తగలేస్తన్నాడో, అదే ఇంటాను. ఇంకేటీ ఇనపడదు.”

“మరి నీకు... బాధ నేదా?”

“ఏటి బాధ? ఇష్టం పోయినాది, పని మిగిలినాది. పనీ మంచిదే. నేను బతకనేదా, మిమ్మల్ని సాకనేదా? కానీ అది పోతాదని నాకెవడూ ముందర సెప్పనేదు. నేను నీకు సెప్తన్నాను, అంతే. క్వార్టరు కోసమని మాత్రం ఆగకు. ఎక్కడో ఓ పెంకుటిల్లు అద్దెకు దొరక్కపోదు. మీ అమ్మ నోటికి భయపడీ ఆగకు.”

“దాని నోటికి నువ్వే భయపడతావు కదయ్యా.”

“అందుకే సెప్తన్నాను, నాకు తెలుసు గనక” అని బంగారయ్య వక్కపలుకు నోట్లో వేసుకొని వెళ్ళిపోయాడు.

పెళ్ళి సందడంతా అయిపోయేదాకా నూకరాజు ఆ మాటే నమిలాడు. అడ్డం వస్తాయనుకున్న రెండింటినీ తండ్రి ఒక్క మాటతో పక్కకు తీసేశాడు. ఇక ఎవరి మీదా నెట్టడానికి లేదు. తనకేం కావాలో తేలాలి. షెవర్లేని బాగుచేసే చెవి కావాలా, షెవర్లేని వినే చెవి కావాలా? రెండూ పెట్టుకు బతికేవాళ్ళు ఉంటారేమో. తను అలాంటివాడు కాడని పందిట్లోనే తెలిసిపోయింది.

మర్నాడు పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాడు. మేస్త్రి ఒక లారీ చక్రం ఊడదీసి, దాని పక్కనే బాసింపట్టు వేసుకొని టీ తాగుతున్నాడు. నూకరాజు దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. ఇన్నాళ్ళు పని నేర్పిన మనిషి. ఏమనుకుంటాడో.

“మేస్త్రీ, మీరు కోపం తెచ్చుకోకండి. నేను... నేను రాను. రైల్లోనే ఉంటాను.”

మేస్త్రి టీగ్లాసు కింద పెట్టాడు. గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు.

“అమ్మయ్య!” అన్నాడు.

“అదేటి మేస్త్రీ?”

“నీకెలా సెప్పాలో తెలీక సస్తన్నాన్రా బావూ! మీ అయ్య మొహం సూసి నోరు రాటం నేదు. నీకు రోగం ఇట్టే దొరుకుద్ది, కాదన్ను. కానీ బోల్టు విప్పమంటే, దానికి నొప్పెడతాదేమో అన్నట్టు విప్పుతావు. లారీ ఓనరు రోడ్డు మీద నిలబడి మా అమ్మనీ ఆలినీ తిడతా ఉంటే, నువ్వు ప్లగ్గుకి లాల పోస్తన్నావు! నీతో నా షెడ్డు మూసేసీవోణ్ణి.”

నూకరాజుకు రోషం రావలసిన మాట. నవ్వొచ్చింది. మేస్త్రి కూడా పడీపడీ నవ్వి, పొలమారి దగ్గాడు.

“మరి మీకు గాడీలంటే అంత ఇష్టం కదా, మీకెలా...”

“నాకు గాడీలంటే ఇష్టమని ఏ గాడిదరా నీకు సెప్పినాది? ఎక్కితే నాకు కడుపులో తిప్పుతాది. ఆగిపోయింది కదిలితే నాకు ఇష్టం. కదిలేక అది ఏ గంగలో దూకితే నాకేటి?”

ఇద్దరి మధ్య తేడా ఇంత ఉందని ఇన్నాళ్ళూ తట్టనే లేదు నూకరాజుకి. మేస్త్రి అప్పటికే బైజనాథ్‌పారాలో ఒక కమ్మరితో మాట్లాడి పెట్టుకున్నాడు. ఆ కమ్మరికి ఫోర్డుకీ ఎడ్లబండికీ తేడా అక్కర్లేదు, ఇనుము కనబడితే చాలట. “బహుత్ అచ్ఛా ఆద్మీ” అని మేస్త్రి మెచ్చుకున్నాడు.

మిగిలిన టీ ఇద్దరూ పంచుకు తాగారు. అప్పుడప్పుడు వచ్చి పోతుండమని, వస్తే మాత్రం పానా జోలికి పోవద్దని మేస్త్రి చెప్పాడు.

నూకరాజు చెరువు గట్టు పట్టుకొని నడిచాడు. ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రేపు యార్డులో మళ్ళీ ఆ నంబర్లే, ఆ నడకే. అయినా పెద్ద మూట దించేసినట్టు భుజాలు తేలిగ్గా ఉన్నాయి. పరీక్ష తప్పినవాడు ఇంత సంతోషంగా ఇంటికి పోవడం ఎవరైనా చూస్తే పిచ్చనుకుంటారని తనలో తనే నవ్వుకున్నాడు.

వెనక నుంచి బస్సొకటి వచ్చింది. చెవి ఊరుకుంటుందా, వెంటనే పట్టేసింది. వాల్వు కొట్టుకుంటోంది. గేరు పళ్ళు కూడా బాగా అరిగాయి. నూకరాజు దారి వదిలి పక్కకు జరిగాడు. కొట్టుకోనీ అనుకున్నాడు. దాని సంగతి ఎవడో చూసుకుంటాడు, ఆ ఎవడో తను కాడు.

బస్సు అతన్ని దాటుకుపోయింది. కిటికీలోంచి ఒక ముసలమ్మ తల బయటపెట్టి చెరువు వైపు చూస్తోంది. టాపు మీద కట్టేసిన మేక గాలికి కళ్ళు చికిలిస్తోంది. నూకరాజు నడుం మీద చేతులు పెట్టుకొని, దుమ్ము కళ్ళలో పడుతున్నా, బస్సు మలుపు తిరిగేదాకా అలాగే చూస్తూ నిలబడ్డాడు.