పలక మీద కణుపు

అమ్మకానికి పడవ వచ్చిందంటే చాలు, తెల్లారేసరికి ఆయన రేవులో ఉండేవాడు. చుట్టూ తిరిగి, మధ్యవేలి కణుపుతో పలక పలకనీ కొట్టి, చెవి ఆనించి వినేవాడు. ఇరవై ఏళ్ళు ఒకరి పడవలో తెడ్డు వేసిన మనిషి, సొంతానికి ఒకటి కావాలని ఎందుకుండదు? కానీ ఒకదానికి అడుగు పుచ్చు, ఇంకోదానికి ముక్కు వంకర. "తొందరపడకూడదే, ఇంకో ఏడాది చూద్దాం," అనేవాడు భార్యతో. ఆమె చూసి చూసి విసిగి, పడవ కోసమని తాను కూడబెట్టిందంతా తమ్ముడి చేతిలో పోసింది. వాడికి తెడ్డు పట్టడమే సరిగ్గా రాదు. బావ పుచ్చని వదిలేసిన పడవనే కొన్నాడు, బావనే కూలికి పెట్టుకున్నాడు.

ఎనిమిదేళ్ళయింది. ఇప్పటికీ ఎక్కబోయే ముందు ఆయన తాను పుచ్చన్న ఆ అడుగు పలకను కొట్టి వింటాడు.

"ఏమంటోంది బావా?"

"ఇంకో ఏడాది కంటే ఆగదు."

"పోయినేడాదీ అదే అన్నావుగా. ఎక్కు, పొద్దెక్కుతోంది."

ఆయన ఎక్కి తెడ్డు అందుకుంటాడు. పలక చెక్కుచెదరలేదు. వేలి కణుపే కాయ కాచి, వంగడం మానేసింది.