పంతొమ్మిది సెకన్ల చెయ్యి

మొన్న శనివారం మా యూనివర్సిటీ హాల్లో ఒక పాత మూకీ సినిమా వేశారు. దెయ్యం సినిమా. సమాధిలోంచి తిరిగొచ్చిన భర్త సొంత ఇంటి గుమ్మంలో నిలబడితే భార్య గుర్తుపట్టదు. ఆ నటుడి ముఖమంతా కట్లే. మిగిలినవి రెండు కళ్లు, ఒక చెయ్యి. వాటితోనే గంటన్నర నడిపించాడు. అతను భార్య వైపు చెయ్యి చాచే ఘట్టం రాగానే హాలంతా ఊపిరి బిగబట్టింది. నాకు మాత్రం మాసన్ లేక్స్ పేటలో నేను అద్దెకున్న ఇల్లు, ఆ ఇంటి అంకుల్, ఆంటీ గుర్తొచ్చారు.

చదువుకునే రోజుల్లో వాళ్లింట్లో వెనక గది నాది. వరంగల్ నుంచి ఈ దేశం వచ్చి స్థిరపడ్డవాళ్లు. అంకుల్‌కి మసాలా దినుసుల దుకాణం. ఆయన ఇంట్లోకి వచ్చేలోపే జీలకర్ర వాసన వచ్చేది. నేను చేరిన రెండో ఏడు ఆంటీకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమ చెయ్యి మిగిలింది, అదీ నెమ్మదిగా కదిలేది. నేను మెకట్రానిక్స్ విద్యార్థిని. సమస్య కనబడగానే జాబితా రాసే రకం. నీళ్లు, టీ, మాత్ర, నొప్పి, దుప్పటి, బాత్రూం, ఇలా పన్నెండు బొమ్మలతో ఒక అట్ట తయారుచేసి ఇచ్చాను. ఆంటీ దాన్ని మర్యాదగా చూసి పక్కన పెట్టారు. అంకుల్ పద్ధతి వేరు. ఆ చెయ్యి ఒడిలోంచి జానెడు లేవగానే, "నీళ్లా? తెస్తున్న. కాదా? గోలీనా? ఫ్యానా?" అంటూ ఇంట్లో సగం సామాను తెచ్చి ముందు పెట్టేవారు. చెయ్యి మళ్లీ ఒడిలో పడిపోయేది. "ముప్పై ఏండ్ల సంసారం, బేటా. ఆమెకేం గావాల్నో నాకు తెల్వదా?" అనేవారు. వారాలు గడిచేకొద్దీ చెయ్యి లేవడం తగ్గింది. అది పూర్తిగా మానేస్తే ఆవిడకీ మాకూ మధ్య ఇంకేం మిగలదని అంకుల్‌కీ నాకూ తెలుసు.

టీవీలో మాటలు మొదలైతే ఆంటీ ముఖం తిప్పుకునేవారు. అందుకని ఒక ఆదివారం మధ్యాహ్నం, మాటల్లేని సినిమా కదా అని ఇదే సినిమా పెట్టాను. దెయ్యం సినిమా అని చూసుకోలేదు. చెయ్యి చాచే ఘట్టం వచ్చింది. చెయ్యి అంత నెమ్మదిగా లేస్తుంటే ఆడించే వేగంలో తేడా ఉందేమో అనుకున్నాను, కానీ తెరమీద అతని వెనకాల పనిమనిషి మామూలుగానే నడుస్తోంది. వెనక్కి తిప్పి ఫోన్లో కొలిచాను: పంతొమ్మిది సెకన్లు. ముందు భుజం, తరవాత మోచెయ్యి, ఆ తరవాత మణికట్టు. వేళ్లు అన్నిటికన్నా ఆఖరున, అడగవచ్చో కూడదో తేల్చుకోలేనట్టు విచ్చుకున్నాయి.

"గీయన చెయ్యి లేపేలోపు నేను బిర్యానీకి దమ్ పెట్టొస్త," అన్నారు అంకుల్.

"ఆగండి అంకుల్. అది ఎక్కడికెళ్తుందో మనకి తెలీదు కదా. అందుకే చూస్తున్నాం."

కాసేపటికి ఆంటీ చెయ్యి లేచింది. ఆయన అలవాటుగా "నీ..." అని లేచి, నా వైపు చూసి, నోరు మూసుకుని ఆవిడ ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. కాచుకున్నాం. చెయ్యి నీళ్ల గ్లాసు దాటింది, నా అట్ట దాటింది, ఆయన మెడ దగ్గర ఆగింది. లోపలికి మడతపడ్డ చొక్కా కాలరు బయటికి లాగి సరిచేసింది.

"గిదా?" అన్నారాయన. "ఇన్ని దినాల సంది నువ్వు జెప్పేది గిదేనా?"

జబ్బు పడకముందు, ఆయన దుకాణానికి బయల్దేరేటప్పుడు ఆవిడ రోజూ చేసిన పని అది. నా పన్నెండు బొమ్మలూ ఆవిడకి కావలసినవాటికే. ఆవిడ ఇవ్వగలిగినదానికి ఒక్కటీ లేదు. మర్నాటినుంచి అంకుల్ కాలరు రోజూ లోపలికే మడిచి ఉండేది. "ఐరన్ బాక్స్ ఖరాబైంది బేటా," అన్నారు, నేను అడక్కుండానే.

తరవాత వాళ్లు వేరే నగరంలో, రౌస్ హిల్‌లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. పోయినేడు ఆంటీ చనిపోయారు. ఆ మధ్యాహ్నం ఆవిడ చెయ్యి ఆ కాలరు చేరడానికి ఎంతసేపు పట్టిందో నేను చూసుకోలేదు. అన్నిటినీ కొలిచే నేను కొలవకుండా వదిలేసిన కాలం అదొక్కటే. ఇంకా అయిపోనిదీ అదే.