రెండు తలల పాము నాకిన చోటు

ఆ పాము మా దగ్గరికి ఇసుకలో వచ్చింది. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా వర్క్‌షాపు వెనక గచ్చు పోయడానికి టిప్పర్ ఇసుక దింపి వెళ్ళింది. పార వేసి ఎత్తగానే ఇసుకతో పాటు అదీ లేచింది. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, లేత పసుపు ఒంటి మీద గోధుమరంగు పట్టీలు, మొద్దు తోక. కళ్ళు రెండూ నడినెత్తిన ఉన్నాయి. అందరూ వెనక్కి దూకారు. నేను దూకలేదు. మా జగిత్యాల వైపు చెలకల్లో రెండు తలల పాములను చిన్నప్పుడు చేత్తో పట్టి ఆడించేవాళ్ళం. ఇది వాటి ఎడారి చుట్టమని చూడగానే తెలిసింది. విషం ఉండదు. దాన్ని తీసి మణికట్టుకు చుట్టుకున్నాను. అప్పటికే ఫోర్‌మన్‌ని. ఆ రోజు నుంచి పాముల మేస్త్రీని కూడా అయ్యాను.

ఖాళీ పెయింటు బకెట్లో సగానికి ఇసుక పోసి, మూతకు చిల్లులు పొడిచి, గదిలో నా మంచం కింద పెట్టుకున్నాను. అది రెండు వేల ఇరవై. కొద్దిరోజులకే అన్నీ మూతపడ్డాయి. మేముండే లేబర్ క్యాంపు గేటు దాటనివ్వలేదు. పని లేదు, ముఖాలకు మాస్కులు, పొద్దంతా మంచాల మీదే. గదిలో అందరికీ అదొక్కటే వేడుక. వంటగదిలో జిగురు అట్టకు అంటుకున్న ఎలుకను పీకి తెచ్చేవాళ్ళం. పీకేటప్పుడు దాని బొచ్చు, ఒక్కోసారి కాలు, అట్టకే ఉండిపోయేది. బకెట్లో వేసి చుట్టూ కూర్చునేవాళ్ళం. ఇసుక కదిలేది, పాము చుట్టేసేది, ఎలుక కళ్ళు ఉబ్బేవి. చూసి చప్పట్లు కొట్టేవాళ్ళం.

గదిలో ఉన్నవాళ్ళమంతా తెలంగాణ వాళ్ళం, ఒక్కడు తప్ప. అతనిది గోదావరి జిల్లా, లంక గ్రామం. పెయింటరు. నాకన్నా వయసులో పెద్ద. అయినా నన్ను "మేస్త్రీగారండీ" అనేవాడు, నేను "ఏవయ్యా" అనేవాణ్ణి. దేనికైనా "ఆయ్" అంటాడని గదిలో వాళ్ళు అతనికి 'ఆయ్' అనే పేరు పెట్టారు. అసలు పేరు అందరం మరిచిపోయాం. తలుపు పక్క పైమంచం అతనిది. అందరి పళ్ళేలూ అయ్యాక తినేవాడు. ఎందుకలా అని ఎవరూ అడగలేదు. మేం ఆగమన్నదీ లేదు, ముందే తినమన్నదీ లేదు.

అతనికి పామంటే భయం. కాటు భయం కాదు. వాళ్ళ ఊళ్ళో ఒక నమ్మకం: రెండు తలల పాము నాకితే ఆ చోట చర్మం తెల్లబడి కుష్టు పుడుతుందని. నా మంచం వైపు రావాల్సి వస్తే కాళ్ళు ఎత్తి ఎత్తి వేసేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిని అతను నిద్రపోతున్నాడు. పామును తీసుకుని నిచ్చెన ఎక్కాను. కింద అందరూ నోళ్ళు మూసుకుని చూస్తున్నారు. దాని మూతిని అతని మెడకు ఆనించాను, చెవి కింద. నాలుక ఆడింది. లేపి, "నాకింది చూడు!" అన్నాను.

అతను పైమంచం నుంచి నిచ్చెన లేకుండానే దిగాడు. ఎటు పరిగెత్తాడో అర్థం కాలేదు మొదట. బాత్రూములో బట్టలు ఉతికే బ్రష్, సబ్బు పొడి తీసుకుని మెడ తోముతున్నాడు. మేం తలుపు దగ్గర నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వాం. అతను ఆపలేదు. నురుగు ఎర్రబడింది.

"ఏందయ్యా, గొంతు కోసుకుంటున్నవా?" అన్నాడొకడు.

"నవ్వకండి బాబూ, నాకు పెళ్ళాం ఉందండి. ఇంటికెళ్తే దగ్గరికి రానిస్తదాండి?" అన్నాడతను తోముతూనే.

ఆ మాటకు ఇంకా నవ్వాం.

గాయం మానాక కూడా నేను వదల్లేదు. పొద్దున పళ్ళు తోముకునే దగ్గర, "ఏవయ్యా, చెవి కింద తెల్లగున్నదేంది?" అనేవాణ్ణి. పక్కవాడు ఒంగి చూసి, "అవునే, పప్పుగింజంత ఉన్నది," అనేవాడు. అతను ఫోను కెమెరా తిప్పుకుని మెడ చూసుకునేవాడు. అద్దంలో చూసుకునేవాడు. నమ్మలేక, నమ్మకుండా ఉండలేక, మళ్ళీ నన్నే అడిగేవాడు. "మేస్త్రీగారండీ, నిన్నటి మీద పెరిగిందాండి?" నేను వేలితో కొలిచి, "జర పెరిగింది," అనేవాణ్ణి. అక్కడ ఏమీ లేదు. తోమిన గీతలు తప్ప.

అతను నామీద ఎందుకు తిరగబడలేదో నాకు బాగా తెలుసు. కంపెనీ మనుషులను ఇంటికి పంపడం మొదలుపెట్టింది. ఎవరు ఉండాలి, ఎవరు పోవాలి అని ముదీర్, అంటే మా మేనేజరు, నన్నే అడుగుతున్నాడు. అప్పటికే పక్క గదులు ఖాళీ అవుతున్నాయి. ఒకసారి ఆయ్ మెట్ల దగ్గర నన్ను ఒంటరిగా పట్టుకుని అన్నాడు, "పిల్లది నర్సింగు చదువుతోందండి. అది అయ్యేదాకా నన్ను ఇక్కడ ఉంచండి చాలు. మీరేం చెప్తే అది చేస్తానండి." చూద్దామన్నాను. అప్పుడు ఒళ్ళంతా పాకిన సుఖం ఇప్పటికీ గుర్తుంది. ఒక మనిషి బతుకు నా నాలుక మీద ఉందన్న సుఖం.

నేను చెప్పినట్టు చేయడమంటే పామును ముట్టడమే అనుకున్నాడేమో, ఒకరోజు తనే వచ్చి బకెట్ ముందు కూర్చున్నాడు. చెయ్యి చాపి వెనక్కి తీసుకున్నాడు. "కరిస్తే విషం ఎక్కదు కదండీ?" అన్నాడు.

గదంతా నన్ను చూస్తోంది. అప్పుడు ఆ మాట అన్నాను.

"ఎడారి పాములకు విషం ఎక్కడిదయ్యా? ఇక్కడి ఎండకు లోపల్నే ఎండిపోతది. ఒక్క పాముకు గూడ ఉండది."

ఫక్కున నవ్వారు. అతనూ నవ్వాడు, కానీ జోకని నవ్వలేదు, ధైర్యం వచ్చి నవ్వాడు. పాముల గురించి నేను చెప్పింది అబద్ధం కాగలదని అతనికి తోచలేదు. రెండు వేళ్ళతో దాని నడుము ముట్టాడు. కొన్నాళ్ళకు అరచేతిలో పెట్టుకున్నాడు. ఎలుకలు తనే పట్టి తెచ్చేవాడు. నాకిన చోటు సంగతి మాత్రం వదల్లేదు. ఎలాగూ నాకేసింది, ఇంక భయం దేనికండీ అనేవాడు.

పనులు మళ్ళీ మొదలయ్యాయి. ధైద్ వైపు ఒక తోటలో రేకుల షెడ్డు వేసే పని. చుట్టూ ఎర్ర ఇసుక దిబ్బలు. ఆ రోజు నేను వర్క్‌షాపులో ఉన్నాను. సాయంత్రం కంపెనీ బస్సు దిగి అతను నేరుగా నా దగ్గరికి వచ్చాడు. చేతిలో మూత పెట్టిన పెయింటు బకెట్. ముఖం వెలిగిపోతోంది. అంత నవ్వు ఆ ముఖం మీద ఎన్నడూ చూడలేదు.

"మేస్త్రీగారండీ, మీ పాముకి తోడు తెచ్చేనండి."

మూత ఎత్తి చూశాను. ఇసుక రంగు, పట్టీలు, తల మీద కళ్ళు. చూడగానే మా పాములాగే ఉంది. కానీ తల వెడల్పు, మెడ సన్నం, తోక చివర సన్నగా వాడి. ఒళ్ళు ఒంటికి రాసుకుంటూ చుట్టుకుంది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లినట్టు చప్పుడు వచ్చింది. కొమ్ముల పాము. కొన్నింటికి కొమ్ములుండవు, దీనికి లేవు. ఫోనులో వీడియోలు చూసి చూసి ఈ దేశపు పాములన్నీ నాకు తెలుసు. ఇది కరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. దీన్ని అతను రేకు ముక్కతో ఎత్తి బకెట్లో వేసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు.

అప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదు. చెబితే గదివాళ్ళు దాన్ని అప్పుడే చంపేసేవాళ్ళు, క్యాంప్ బాస్‌కు తెలిసి మొదటి పాము కూడా పోయేది. అదొక్కటే కాదు. విషమున్న పామును ఉంచుకోవాలని నాకు చాలాకాలంగా కోరిక. అది నా మంచం కిందికి నడిచి వచ్చింది.

"మంచిగున్నది. దీన్ని మాత్రం ఎవ్వరూ ముట్టొద్దు. ఇది నాది," అన్నాను.

అతని నవ్వు కొంచెం తగ్గింది. "నేనే కదండీ తెచ్చింది," అన్నాడు మెల్లగా.

కొన్ని రోజులు రెండు బకెట్లు పక్కపక్కన ఉన్నాయి. గదిలో ఎవరూ లేనప్పుడు మూత తీసి ఒంటరిగా చూసుకునేవాణ్ణి. చీపురు పుల్లతో పొడిచేవాణ్ణి. అది పుల్లను కొట్టిన వేగం కంటికి ఆనేది కాదు. పుల్ల చివర తడి మెరిసేది. దాన్ని చూసి గుండె కొట్టుకునేది, హాయిగా.

సెలవురోజు సాయంత్రం, టీల వేళ. ఎవడో అతన్ని రెచ్చగొట్టాడు. "ఏమే ఆయ్, నువ్వు తెచ్చిన పాము నీ మాటింటదా, మేస్త్రీ మాటింటదా?"

"నా మాటేనండి," అని అతను మంచం కింద నుంచి కొత్త బకెట్ లాగాడు.

"యల్లా! చెయ్యి పెట్టు మరి!"

అతను మూత తీసి నావైపు చూశాడు. "విషం ఉండదన్నారు కదండీ?"

నా చేతిలో టీ గ్లాసు ఉంది. అందరూ నావైపే చూస్తున్నారు. ఆగమంటే, ఇన్నాళ్ళూ తెలిసి దాచానని ఒప్పుకున్నట్టు. నేను, "జెప్పిన గదా," అన్నాను. ఆకలి లేని పాము కరవదనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలా ఏమీ అనుకోలేదు. ఏమవుతుందో చూడాలనిపించింది, జిగురు అట్ట నుంచి పీకిన ఎలుకను బకెట్లో వేసినప్పుడు అనిపించినట్టే.

కుడిచెయ్యి పెట్టాడు. చెయ్యి వెనక్కి వచ్చేసరికి చూపుడువేలి మీద రెండు చుక్కలు.

"కరిసిందండి," అన్నాడు నవ్వుతూనే. తక్కినవాళ్ళూ నవ్వారు. కాసేపటికి వేలు ఉబ్బింది, తర్వాత అరచెయ్యి. అతను చెయ్యి పట్టుకుని గోడకు ఆనుకుని జారి కూర్చున్నాడు. "మండిపోతోందండి. ఇది విషం లేనిదే కదండీ?" అప్పటికీ నన్నే అడుగుతున్నాడు.

క్యాంప్ బాస్‌కు ఫోన్ చేయడానికి ముందు నేను బకెట్ తీసుకుని వెనకకు వెళ్ళాను. పాము తలను పారతో నరికి, ఇసుకలో పూడ్చి, బకెట్ కడిగాను. మొదటి పాము ఉన్న బకెట్‌ను రేకుల చాటున దాచాను. చేతులు కడుక్కున్నాను. అప్పుడు ఫోన్ చేశాను. తిరిగి వచ్చేసరికి మోచేతి దాకా వాచింది, చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతోంది. చుట్టూ ఉన్నవాళ్ళలో నవ్వేవాడు లేడు. "ఏమన్న చెయ్ అన్నా," అని నన్ను పట్టి ఊపుతున్నారు.

ఆసుపత్రిలో అడిగితే సైటు దగ్గర ఇసుకలో కరిచిందని అతనే చెప్పాడు. నేను చెప్పమనలేదు. నాకు మాట రాకూడదని చెప్పాడు. ఏ పాము అని వాళ్ళు అడిగినప్పుడు, కొమ్ముల పాము అని మాత్రం నేను చెప్పాను. ఆ సాయంత్రం చేసిన ఒకే ఒక్క మంచి పని అది. అయినా ఎలా తెలుసని ఎవరూ అడగకూడదని దేవుడికి మొక్కుకుంటూ చెప్పాను.

ప్రాణం దక్కింది. చూపుడువేలు నల్లబడి కుళ్ళింది, తీసేశారు. పక్క వేలు కూడా సగం తీశారు. స్ప్రే గన్ మీట నొక్కే వేళ్ళు అవి. ముదీర్ నన్ను పిలిచి, ఇతన్ని వేరే పనిలో పెట్టొచ్చా అని అడిగాడు. స్టోరులో పెట్టొచ్చు. ఆ ఖాళీ ఉంది. నేను, "ఖలాస్ సార్, ఎక్కడికి పోయినా పాములు పట్టుకుంటడు, రేపు ఇంకొకనికి కాటు పడితే ఎట్ల?" అన్నాను. అతను రోజూ కళ్ళ ముందు తిరిగితే నేను తట్టుకోలేనని అలా అన్నాను. టికెట్ వచ్చేసింది.

రేకుల చాటు బకెట్ మూత నేను మళ్ళీ తీయలేదు. వేసవి ఎండ ఆ రేకుల మీదే పడుతుంది. కొన్నాళ్ళకు వాసన వచ్చింది. ఎవరో తీసి పారేశారు.

అతను వెళ్ళే రోజు బస్సు దాకా పెట్టె నేనే మోశాను. గదిలో వాళ్ళెవరూ కిందికి రాలేదు. ఈ మనిషి ఇప్పుడు అడుగుతాడు, మీకు ముందే తెలుసా అని అడుగుతాడు, ఏం చెప్పాలి అని మెట్లు దిగినంతసేపూ వెతుక్కున్నాను. తెలియదనే చెప్పేవాణ్ణేమో. అతను అది అడగలేదు. బస్సు మెట్టు దగ్గర ఆగి, కట్టు కట్టిన చేత్తో చొక్కా కాలరు కిందికి లాగాడు. తల పక్కకు వంచాడు.

"మేస్త్రీగారండీ, ఇంటికెళ్ళిపోతున్నానండి. చెయ్యి సంగతి వాళ్ళకి చెప్పేను. ఇది చెప్పలేదండి. ఎంత ఉందో ఒక్కసారి చూసి చెప్పండి."

చూశాను. పాత గీతలు, చెమట, మామూలు నల్లటి చర్మం. "ఏం లేదయ్యా. ఎన్నడూ లేదు. మేం నీతో ఆటలాడినం," అన్నాను.

అతను నా కళ్ళలోకి చూశాడు. ఒక అబద్ధాన్ని మన్నించినట్టు తలాడించాడు.

"అంత పెద్దదైపోయిందాండి," అన్నాడు.

భుజం మీది తువ్వాలు తీసి, ఆ ఎండలో, మెడ చుట్టూ గట్టిగా చుట్టుకుని బస్సు ఎక్కాడు.